ఇల్లు అమ్మే ముందు ఏం చేయించాలో చెప్పే సర్వీసు: ఐదుకి మూడున్నర

ఈ సర్వీసు ఏమిటో ముందు చెప్తాను. ఇల్లు అమ్మకానికి పెట్టబోయే వాళ్ళ ఇంటికి ఒక మనిషి వస్తారు. పైనుంచి కిందిదాకా చూసి, ఏ రిపేరు తప్పనిసరి, ఏది చేయించినా దండగ అన్నది రాసిస్తారు. కావాలంటే పని కూడా వాళ్ళ మనుషులతోనే చేయిస్తారు, దాని లెక్క వేరు. మేం రెండూ తీసుకున్నాం. చూసి చెప్పిన భాగానికి ఐదుకి ఐదు ఇస్తాను. పని చేసిన భాగానికి రెండు. సగటు మూడున్నర. ముప్ఫై ఏళ్ళు కాలేజీలో ఎకనామిక్స్ చెప్పినవాణ్ణి, సగటు ఎంత మోసం చేస్తుందో తెలుసు కాబట్టి రెండూ విడివిడిగా రాస్తున్నాను. కంపెనీ పేరు మాత్రం రాయను. ఇలాంటి సర్వీసు ఏది తీసుకున్నా చూసుకోవాల్సినవి ఇవే.

మా ఇల్లు ఇరవై రెండేళ్ళ నాటిది. పిల్లలు ఎవరి కాపురాలు వాళ్ళవి. మాకా మెట్లెక్కడం కష్టమవుతోంది, చిన్న ఇంటికి మారిపోదామనుకున్నాం. అమ్ముదామని అనుకున్న రోజునుంచీ ఇంట్లో మూడు పార్టీలు తయారయ్యాయి. వంటగది మొత్తం పీకి కొత్తది పెట్టించాలి, హాల్లో ఫాల్స్ సీలింగ్ వేయించాలి అని మా బావమరిది. ఇల్లంతా రంగులు వేయిస్తే చాలని మా ఆవిడ. అసలేమీ చేయొద్దని నేను. కొనేవాళ్ళు ఎలాగూ వాళ్ళకి నచ్చినట్టు మార్చుకుంటారు, మనం ధరలో కాస్త తగ్గిస్తే పోతుంది కదా అన్నది నా వాదన. ముగ్గురిదీ తప్పేనని తర్వాత తేలింది. అందులో నాదే పెద్ద తప్పు.

ఆ తగువు తీరక ఈ సర్వీసుని పిలిచాం. చూసి చెప్పడానికి తీసుకున్న ఫీజు, ఒక గదికి రంగు వేయించే ఖర్చులో నాలుగో వంతు కూడా ఉండదు.

వచ్చినమ్మాయికి ముప్ఫై లోపే ఉంటాయి, సివిల్ ఇంజినీరింగ్ చదివిందట. సంచిలో ఒక టార్చి, గోడలో చెమ్మ చూసే మీటరు, రసమట్టం, ఒక గాజు గోళీ. గోళీ చూసి మా ఆవిడ నవ్వింది. ఇంట్లోకి అడుగు పెట్టగానే ఆ అమ్మాయి మమ్మల్నే బయటికి పంపింది. "అంకుల్, ఆంటీ, ఒకసారి గేటు దాకా వెళ్ళి మళ్ళీ రండి. ఇల్లు కొనడానికి వచ్చామనుకుని రండి" అంది.

వెళ్ళి వచ్చాం. గేటు కిర్రుమంది. బెల్లు మోగలేదు, రెండేళ్ళుగా మోగడం లేదు, మాకది తెలుసు కాబట్టి తలుపు తట్టడమే అలవాటు. ఇక వీధి తలుపు వానాకాలం వస్తే ఉబ్బి గడపకి పట్టేస్తుంది. మా ఆవిడ రోజూ చేసినట్టే గడియ తిప్పుతూ మోకాలితో ఒక్క తోపు తోసింది. "ఆంటీ, ఆ మోకాలి సంగతి కొనేవాళ్ళకి తెలీదు కదా" అందా అమ్మాయి, నోట్సు రాసుకుంటూ. ఫీజులో సగం ఆ మాటకే చెల్లిపోయిందనిపించింది నాకు.

తర్వాత హాలు చూస్తుందనుకుంటే అటు తిరిగి చూడలేదు. ముక్కు ఎగబీలుస్తూ నేరుగా మేడ మీది బాత్రూమ్‌కి వెళ్ళింది. చుట్టాలు వస్తే తప్ప ఎవరూ వాడరు దాన్ని. ఎప్పుడు తలుపు తీసినా మురుగు వాసన. టైల్స్ కింద ఎక్కడో పైపు పగిలింది, మొత్తం తవ్వాల్సిందేనని మా బావమరిది ఎప్పుడో తీర్పు ఇచ్చేశాడు. ఆ అమ్మాయి రెండు మగ్గుల నీళ్ళు నేల మీది జాలీలో పోసి, కిటికీ తెరిచి, "అరగంట తర్వాత చూద్దాం" అని బయటికొచ్చింది. జాలీ కింద వంపు తిరిగిన గొట్టం ఉంటుందట, అందులో ఎప్పుడూ కాసిని నీళ్ళు నిలిచి ఉండి, డ్రైనేజీ గాలి పైకి రాకుండా అడ్డుకుంటాయట. వాడని బాత్రూమ్‌లో ఆ నీళ్ళు ఆవిరైపోతాయి, అడ్డు తొలగిపోతుంది. అరగంట తర్వాత వెళ్ళి చూస్తే వాసన లేదు. మా బావమరిదికి ఫోన్ చేసి చెప్పాలన్న కోరికని బలవంతంగా ఆపుకున్నాను. సాయంత్రం చేశాననుకోండి.

వెనక పడగ్గదిలో కిటికీ కింద గోడ మీద రంగు పెచ్చులూడి, తెల్లటి పొడి రాలుతూ ఉండేది. పాత రంగు కదా అనుకునేవాళ్ళం. మీటరు పెడితే ముల్లు చివరిదాకా పోయింది. ఆ అమ్మాయి దాన్ని నమ్మలేదు. ఆ తెల్లపొడి ఉప్పు, ఉప్పున్న గోడ మీద మీటరు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది అంది. సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కాగితం తీసి, నాలుగు పక్కలా గాలి చొరకుండా టేపు వేసి అంటించి, రేపు ఇదే టైముకి చూసి ఫోటో పంపమంది. గదిలోని తేమే గోడకి పడుతుంటే చుక్కలు కాగితం పైన ఉంటాయి, గోడలోంచి వస్తుంటే కాగితం వెనక ఉంటాయి. మర్నాడు చూస్తే చుక్కలన్నీ వెనకే ఉన్నాయి. అసలు కారణం బయట ఉంది. కిటికీ కింది అంచుకి బయటివైపు వాలు లేదు, గోడకీ అంచుకీ మధ్య సన్నటి బీట. వాన నీళ్ళు అక్కడ నిలిచి లోపలికి దిగుతున్నాయి. సిమెంటులో, ఇటుకలో ఉన్న ఉప్పుని ఆ నీళ్ళు కరిగించుకుని ఇవతలికి వస్తాయి, నీరు ఆరిపోతుంది, ఉప్పు మిగిలి రంగుని తోసేస్తుంది. ముందు బయటి బీట పూడ్చి వాలు సరిచేయాలి, తర్వాత గోడని ఎండనివ్వాలి, పొడిని పొడి బ్రష్షుతోనే దులపాలి, నీళ్ళతో కడిగితే ఉప్పు మళ్ళీ గోడలోకే పోతుంది. ఆ తర్వాతే ప్రైమరు, లప్పం, రంగు. రిపోర్టులో ఈ వరస అంతా రాసి, "ఎండడానికి వారాలు పడుతుంది, తొందరపడొద్దు" అన్న వాక్యం కింద గీత గీసింది. ఆ గీత గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

ఇక్కడ నా సిగ్గు ఒకటి ఒప్పుకోవాలి. ఆర్థికవేత్త జార్జ్ అకర్లోఫ్ 1970లో పాత కార్ల మార్కెట్ మీద రాసిన వ్యాసాన్ని నేను ఏళ్ళ తరబడి పాఠం చెప్పాను. 2001లో మరో ఇద్దరితో కలిపి ఆయనకి నోబెల్ ఇచ్చింది ఇలాంటి పనికే. కారు సంగతి అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలీదు. తెలీనివాడు ప్రతి కారూ డొక్కేమోనన్న అనుమానంతోనే బేరం ఆడతాడు. ఇది బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పినవాణ్ణి, నా ఇంటి బెల్లు రెండేళ్ళు మోగకుండా వదిలేశాను. కొనేవాళ్ళకి గోడలో వైర్లు కనబడవు, నేల కింద పైపులు కనబడవు. కనబడేది బెల్లు, తలుపు, కారే కుళాయి. వీటినే ఇలా వదిలేసినవాళ్ళు కనబడనివి ఎలా చూసుకుని ఉంటారోననుకుంటారు. "ధరలో కాస్త తగ్గిస్తే పోతుంది" అన్న నా లెక్క అక్కడే తప్పింది. బెల్లు ఖర్చు తగ్గించమని ఎవరూ అడగరు, అనుమానం ఖరీదు తగ్గించమంటారు. దానికి హద్దు లేదు.

మూడో రోజున రిపోర్టు వచ్చింది. మొత్తం ఇరవై ఏడు అంశాలు, మూడు వరసలు. తప్పక చేయాల్సినవి తొమ్మిది, చేస్తే మంచివి ఏడు, చేయొద్దనేవి పదకొండు. నేను అన్నిటికంటే ఎక్కువ సార్లు చదివింది మూడో వరస. పని చేయించి డబ్బు తీసుకునే కంపెనీ తరఫున వచ్చిన మనిషి, పదకొండు పనులు వద్దని రాయడం మామూలు విషయం కాదు. ఇలాంటి సర్వీసు ఎవరైనా తీసుకుంటే ముందు ఆ వరస ఉందో లేదో చూడండి. అన్నీ చేయించాలని రాసిస్తే అది రిపోర్టు కాదు, కొటేషన్.

మూడో వరసలో మొదటిదే వంటగది. అల్మారాల చెక్క గట్టిగానే ఉంది, చెదలు లేవు, చెమ్మ లేదు. వేలాడుతున్నది ఒక తలుపు, దానికి కారణం అరిగిన కబ్జాలు. "మీ ఇష్టం ప్రకారం మీరు కట్టించిన వంటగదిని వాళ్ళ ఇష్టం ప్రకారం వాళ్ళు పీకుతారు, మీరు పెట్టిన డబ్బు మీకు పూర్తిగా తిరిగి రాదు" అని రాసింది. బదులుగా చేయమన్నది: కబ్జాలు, పిడులు మార్చడం, సింకు కుళాయిలో లోపలి కాట్రిడ్జి మార్చడం, సింకు అంచున నల్లగా బూజు పట్టిన సిలికాన్ తీసి కొత్తది వేయడం. పాతదాని మీదే కొత్తది పూస్తే అంటుకోదు కాబట్టి బ్లేడుతో మొత్తం గీకి, తుడిచి, ఆరబెట్టి వేయాలట, వేశాక ఒక రోజు నీళ్ళు తగలనివ్వకూడదట. ఈ పనులన్నీ ఒక మనిషి రెండు రోజుల్లో చేసేశాడు. ఫాల్స్ సీలింగ్ గురించి ఒకే ముక్క రాసింది: "శ్లాబులో ఏదో దాస్తున్నారనుకుంటారు." మా బావమరిది రిపోర్టు చదివి వారం రోజులు మా ఇంటికి రాలేదు.

కింది బాత్రూమ్ టైల్స్ మార్చడం కూడా మూడో వరసలోనే ఉంది. టైల్స్ బాగానే ఉన్నాయి, మాసింది టైల్స్ మధ్య సందుల్లో నింపిన గ్రౌట్. బ్రష్షుతో రుద్దించి, ఊడినచోట కొత్తది పెట్టిస్తే చాలంది. యాసిడ్ మాత్రం పోయొద్దని గట్టిగా చెప్పింది, అది మురికితో పాటు సిమెంటు గ్రౌట్‌నీ తినేస్తుంది, పక్కన పాలరాయి ఉంటే దాన్నీ పాడుచేస్తుంది. గోళీ ఎందుకో ఇక్కడ తెలిసింది. నేల మీద వదిలితే జాలీ వైపు దొర్లాలి. మా కింది బాత్రూమ్‌లో బుద్ధిగా దొర్లింది. మేడ మీద దానిలో ఒక మూల ఆగిపోయింది. అక్కడ నీళ్ళు నిలుస్తాయని మాకూ తెలుసు, అలవాటై మరిచిపోయాం.

మేడ మీది బాత్రూమ్‌కి ఇంకో పరీక్ష కూడా చేయించింది. జాలీ మూసి, అంగుళం ఎత్తు నీళ్ళు నింపి, అంచున పెన్సిల్ గీత గీసి ఇరవై నాలుగు గంటలు వదిలేయాలి. గీత దగ్గర నీళ్ళు పెద్దగా తగ్గలేదు, కింద శ్లాబుకి చెమ్మ రాలేదు. తేదీతో ఫోటోలు తీసి ఫైల్లో పెట్టమంది. అప్పుడు ఎందుకులే అనుకున్నాను.

కరెంటు బోర్డులో, షాక్ కొడితే మనిషిని కాపాడే స్విచ్ ఒకటి ఉంటుంది, 30 మిల్లీ ఆంప్స్ లీకైనా పడిపోవాలి. దానికి టెస్ట్ బటన్ కూడా ఉంటుంది. మాది ఎన్నేళ్ళ నుంచి నొక్కలేదో నాకే గుర్తు లేదు. ఆ అమ్మాయి నొక్కితే స్విచ్ కదల్లేదు. ఇల్లు అమ్మేస్తున్నాం కదమ్మా, కొత్తవాళ్ళు మార్చుకుంటారులే అన్నాను. "ఈ రాత్రి ఇక్కడ పడుకునేది మీరే కదా అంకుల్" అంది. మర్నాడే మార్పించాం.

బల్బుల గురించి రెండు ముక్కలు. ఒకే గదిలో రెండు మూడు రంగుల వెలుతురు ఉంటే ఫోటోల్లో గోడలు మచ్చలు మచ్చలుగా పడతాయి. మా హాల్లో ఒక బల్బు 6500 కెల్విన్ నీలి తెలుపు, పక్కనే 2700 పసుపు. అన్నీ 4000కి మార్చాం. చెప్పుకోదగ్గ తేడానే వచ్చింది, అంతకుమించి చెప్పడానికేం లేదు.

నాకూ ఆ అమ్మాయికీ తగువు వచ్చింది హాల్లో పుస్తకాల అల్మారా దగ్గర. గోడంతా ఆక్రమించిన అల్మారా, నేనే దగ్గరుండి చేయించాను. ఇంటి ధరలో దానికొక భాగం ఉండాలని నా పట్టు. సగం పుస్తకాలు తీసేయమంది, లేకపోతే గది ఇరుకుగా కనిపిస్తుందట. అల్మారాకి విడిగా విలువ కట్టొద్దంది. "నచ్చినవాళ్ళు ఉంచుకుంటారు, నచ్చనివాళ్ళు తీయించే ఖర్చు లెక్కేస్తారు" అంది. మనదైన వస్తువుకి మనం కట్టే విలువ ఎప్పుడూ ఎక్కువే ఉంటుందని, దానికి ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ 1980లో పేరు కూడా పెట్టాడని నేనే పిల్లలకి చెప్పేవాణ్ణి. అది నాకు గుర్తొచ్చేసరికి మా ఆవిడ అట్టపెట్టెలు తెచ్చేసింది.

ఇక రెండు మార్కుల కథ.

తప్పక చేయాల్సిన తొమ్మిదీ, రెండో వరసలో నాలుగూ చేయిద్దామనుకున్నాం. కంపెనీ పంపిన సూపర్‌వైజర్ వచ్చీ రాగానే ఇల్లంతా రంగులకి లెక్క వేశాడు. రిపోర్టులో ఉన్నది మూడు గదులే. అదే చెప్తే, "ఏ రిపోర్టు సార్?" అన్నాడు. వాళ్ళ కంపెనీ రిపోర్టు వాళ్ళ మనిషికే చేరలేదు. నా కాపీ ఇచ్చాను. చదివినట్టు తలూపాడు.

కిటికీ బయట పని బాగానే చేశారు. వాలు కుదిరింది, బీట మూసుకుంది. పదకొండో రోజున లోపల గోడకి లప్పం పెట్టడం మొదలెట్టారు. మా ఆవిడ గోడ మీద చెయ్యి పెట్టి చూసి, "ఇంకా చల్లగానే ఉంది బాబూ, ఆరలేదు" అంది. "రెండు రోజులు ఫ్యాన్ పెట్టాం అమ్మా, ఆరిపోయింది" అన్నాడు పెయింటరు. ఫోన్ చేస్తే సూపర్‌వైజర్ కూడా అదే పాట. నేను పట్టుబట్టాల్సింది, పట్టుబట్టలేదు. రంగు వేసిన పంతొమ్మిదో రోజున అదే చోట అరచేతంత బొబ్బలు లేచాయి. గీత గీసి మరీ రాసిన వాక్యం ఎవరూ చదవలేదన్నమాట.

మళ్ళీ గీకారు, మళ్ళీ ఎండనిచ్చారు, ఈసారి ప్లాస్టిక్ కాగితం పరీక్ష చేసి, వెనక చుక్కలు రాకపోయాకే లప్పం పెట్టారు. రెండోసారి పనికి డబ్బు తీసుకోలేదు, అది ఒప్పుకోవాలి. కానీ నెలన్నర అనుకున్న పని మూడు నెలలు పట్టింది. ఇల్లు చూడ్డానికి వస్తామన్న రెండు కుటుంబాలకి మాటలు చెప్పి వాయిదా వేసుకునేసరికి ఆ టెన్షన్ మాకే తెలుసు.

రంగు ఎంపికలోనూ బద్ధకమే. మూడు గదులకీ ఒకే లేత తెలుపు. ఎండ పడే గదుల్లో అది బాగుంది. వెలుతురు తక్కువున్న వెనక గదిలో అదే రంగు బూడిద రంగులా కనబడింది. ఇది మాత్రం రిపోర్టు తప్పు కూడా, ఏ గదికి ఎంత వెలుతురు వస్తుందో రాసుకుని వెళ్ళిన అమ్మాయి రంగు దగ్గర ఎందుకు ఆలోచించలేదో తెలీదు. ఆ గదికి కాస్త పసుపు కలిసిన రంగు మేమే ఎంచి వేయించాం, ముందు గోడ మీద చేటంత మేర పూసి పొద్దునా సాయంత్రం చూసుకుని.

ఇంకొకటి నాకు అసలు నచ్చలేదు. మెట్ల గోడ మీద వెంట్రుకంత బీట ఉంది. అది పెరుగుతోందో లేదో తెలియాలని దాని రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేశాన్నేను, ఏడాదిగా కదల్లేదు. మాకు చెప్పకుండా పెయింటరు దాని మీద లప్పం పెట్టి రంగు వేసేశాడు, గీతలతో సహా. సాయం చేశాననే అనుకున్నాడు పాపం. తెలిసిన లోపం చెప్పకుండా అమ్మితే చాలాచోట్ల చట్టం ఒప్పుకోదు. చట్టం సంగతి వదిలేసినా, కొన్నవాళ్ళు ఏదో ఒకనాడు ఆ బీట చూస్తారు. అదృష్టం కొద్దీ నా దగ్గర పాత ఫోటోలున్నాయి. ఇల్లు చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళకీ అవి చూపించి ఇక్కడ ఒక బీట ఉండేదని చెప్పాం. విన్నవాళ్ళెవరూ పారిపోలేదు.

ఫోటోలు కూడా ఆ కంపెనీయే తీసింది. లెన్సు మహిమ వల్ల మా పడగ్గది పెళ్ళి హాల్లా వచ్చింది. వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఉసూరుమంటారని అవి పక్కన పడేసి, మా అమ్మాయి ఫోన్లో తీసినవే పెట్టాం.

ఇక కొనేవాళ్ళు. మొదట వచ్చిన నాలుగు కుటుంబాలూ పది నిమిషాల్లో చూసి వెళ్ళిపోయాయి. ఐదో కుటుంబం పెద్దావిడ వంటగదిలోకి వెళ్ళి సింకు కింద అల్మారా తెరిచి, లోపల చెయ్యి పెట్టి తడి ఉందేమో చూసింది. ప్రతి కుళాయీ తిప్పింది. ప్రతి కిటికీ మూసి తెరిచింది. కొత్త పిడుల్ని, బల్బుల్ని కన్నెత్తి చూడలేదు. కొడుకు మాత్రం మేడ మీది బాత్రూమ్ నీళ్ళు కిందికి దిగుతాయా అని అడిగాడు. ఫైలు తీసి, పెన్సిల్ గీత ఫోటోలు తేదీలతో సహా చూపించాను. ఆ ఫైలు ఆయన చాలాసేపు కింద పెట్టలేదు. కిటికీ గోడ రెండుసార్లు చేయించిన సంగతి కూడా అందులో ఉంది, అదీ చదివాడు.

వాళ్ళే కొన్నారు. బేరం ఆడింది ఒక్క నేల దగ్గరే. హాల్లో రాయికి పాలిష్ పోయిందని తగ్గించమన్నారు. పాలిష్ చేయించడం రిపోర్టులో రెండో వరసలో ఉంది, మేం వదిలేశాం. తగ్గించిన మొత్తం పాలిష్‌కి అయ్యే ఖర్చుకి దాదాపు సమానం, కాబట్టి అక్కడ పోయిందీ లేదు, వచ్చిందీ లేదు. ఈ సర్వీసు లేకపోతే ఇల్లు ఎంతకి పోయేదో చెప్పలేను, ఒకే ఇంటిని రెండుసార్లు అమ్మి చూడలేం కదా. వంటగది, ఫాల్స్ సీలింగ్, బాత్రూమ్ తవ్వకం చేయించకపోవడం వల్ల మిగిలినది మాత్రం లెక్క వేశాను. ఫీజు దాని ముందు ఏ మూలకీ రాదు.

కొత్త ఇల్లయితే, లేదా ఇంట్లో తాపీ పని తెలిసిన మనిషి ఉంటే ఈ సర్వీసు అక్కర్లేదు. పదిహేను, ఇరవై ఏళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళు మాత్రం చూసి చెప్పే భాగం తీసుకోండి. పనికి మీకు తెలిసిన మేస్త్రీనే పెట్టుకుని, రిపోర్టు అతని చేతికిచ్చి, మీ ముందే చదివించండి.

తాళాలు ఇచ్చిన రోజు మా ఆవిడ వెనక గది రంగు మిగిలిన డబ్బా మూత మీద రంగు నంబరు, గది పేరు రాసి ఆ పెద్దావిడ చేతికిచ్చింది. మేడ మీది బాత్రూమ్ వాడకపోతే వారానికి రెండు మగ్గులు నీళ్ళు పోయమని కూడా చెప్పింది. వీధి తలుపు దగ్గరికొచ్చాక మాత్రం అలవాటు చొప్పున మోకాలు ఎత్తింది.